బియ్యం మీద అరచెయ్యి

మొన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక నోటీసు వచ్చింది. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు వెళ్ళేటప్పుడు గేటు దగ్గర తమ సంచి తెరిచి వాచ్‌మన్‌కు చూపించాలట. మూడో అంతస్తులో ఎవరిదో వెండి కుంకుమభరిణె కనిపించడం లేదట. చూస్తూండగానే ఆ నోటీసు కింద బొటనవేళ్ళు బారులు తీరాయి. నేనూ ఒకటి పెట్టబోయి ఆగాను. కింద చైతన్యపురి రోడ్డు మీద కోచింగ్ పిల్లలు గుంపులుగా హాస్టళ్ళకు తిరిగొస్తున్నారు. బాల్కనీలో నిలబడి చాలాసేపు వాళ్ళనే చూశాను.

ఆగింది మంచితనంతో కాదు. ఒక మనిషి సంచి తెరిపించడం ఎలా ఉంటుందో నాకు పదేళ్ళ వయసులోనే తెలుసు. తెరిపించిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

అప్పట్లో మేము ఎల్బీనగర్ చౌరస్తాకు అవతల ఉండేవాళ్ళం. దిల్‌సుఖ్‌నగర్ దాటితే ఊరు అయిపోయినట్టే. ఆ తర్వాత అంతా ద్రాక్షతోటలు, మోటబావులు, మధ్యమధ్య నంబర్లు రాసిన రాళ్ళు పాతిన ప్లాట్లు. నాయన సిటీ బస్సులో కండక్టరు. సొంతూళ్ళో పొలం మీద వచ్చిన బియ్యం బస్తాలు ఏడాదికి రెండుసార్లు ఎడ్లబండి మీద మా ఇంటికి వచ్చేవి. రెండు గదుల ఇల్లు, ముందు ఒక అరుగు, వెనక రేకులు కప్పిన ఒక చిన్న గది. వానాకాలం వచ్చిందంటే ఎదురింటి బర్రెల కొట్టం నుంచి వచ్చే పేడ వాసన, మా పొయ్యి మీద కాలే జొన్నరొట్టె వాసన, తడిసిన మట్టి వాసన కలిసిపోయి ఇల్లంతా తిరిగేవి. ఇప్పటికీ ఎక్కడైనా రొట్టె కొంచెం మాడితే నాకు బర్రెలు గుర్తొస్తాయి.

మా ఇంట్లో అనుమానపడటం రోజువారీ పనుల్లో ఒకటి. అమ్మ పొద్దున్నే పాలచుక్క గోటి మీద వేసి జారుతుందో నిలుస్తుందో చూసేది. నాయన రోజంతా టికెట్ తీసుకోని ముఖాలను వెతికి వెతికి, ఇంటికొచ్చాక కూడా చుట్టాల ముఖాల్లోకి అలాగే చూసేవాడు. నాయనమ్మకు కారణం లేకుండా నవ్వేవాళ్ళంటే గిట్టదు. "గింత నవ్వుతుందంటే ఏందో ఉన్నది" అనేది. వాళ్ళందరి మధ్యా పెరిగిన దాన్ని నేను. తలుపుసందులోంచి చూడటం నాకు చదువుకన్నా ముందు వచ్చింది.

అలాంటి ఇంట్లోకి ఆవిడ కిరాయికి వచ్చింది.

నలభై దాటిన మనిషి. తెల్లచీర, చేతికి గడియారం, ఒక ట్రంకుపెట్టె. గుంటూరు వైపు మనిషి, ఏదో మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి మానేసిందని చెప్పింది. ఎందుకు మానేసిందో చెప్పలేదు. మెడలో నల్లపూసలు లేవు, సన్నని దారానికి చిన్న శిలువ ఉంది. పెళ్ళైందో, కాలేదో, మొగుడు పోయాడో తెలియదు. అందరం నర్సమ్మ అనేవాళ్ళం. ఆవిడ గదిలోంచి ఎప్పుడూ టించరు వాసన వచ్చేది.

మొదటి వారంలోనే ఎదురింటి బర్రెల అత్త మా అరుగెక్కింది.

"ఒక్కతే ఆడమనిషి, గీ అడవిల ఎందుకుంటదే? సిటీల రూములు దొరకవా?" అంది అమ్మతో.

"ఏమో అక్కా. నాకైతే ఏం చెప్పలే."

"రోజు రెండు గొట్టంగనే సంచి పట్టుకొని పోతుంది. మల్ల పొద్దుగూకంగ ఒస్తుంది. ఏడికి పోతుందో చూసినవా? మతం కలుపుతుందేమో. పిల్లను జర దూరం పెట్టు."

అమ్మ నన్ను దూరం పెట్టలేదు, దగ్గరికే పంపింది. "పోయి కూసో. ఏం చేస్తుందో చూడు. నేను పంపిన్నని చెప్పకు" అంది. జీవితంలో నాకు దొరికిన మొదటి ఉద్యోగం అదే.

నర్సమ్మ గదిలో మంచం, స్టవ్వు, గోడ మీద ఒక పటం తప్ప ఏమీ లేవు. ఆవిడ పాత చీరలను పొడుగ్గా పీలికలు చేసి, చుట్టలు చుట్టి పెట్టేది. ఎందుకని అడిగితే "పనికొస్తాయి పాపా" అని నాకో రస్కు ఇచ్చేది. రస్కు తింటూ నేను గది నాలుగు మూలలూ చూసేదాన్ని. పటంలో కిరీటం పెట్టుకున్న ఒక అందమైన ఆమె ఒడి నిండా గులాబీలు పట్టుకుని ఉండేది.

"గీమె ఎవరు? మీ దేవతనా?"

"దేవత కాదమ్మా. మనలాంటి మనిషే. పునీతురాలంటాం మేము. హంగేరీ అనే దేశపు రాజుగారి కూతురు. నాలుగేళ్ళప్పుడే పెళ్ళి కుదిర్చి పరాయి దేశం కోటకి పంపేశారు. అత్తగారింట్లోనే పెరిగింది."

"ఏడ్వలేదా?"

"ఏడ్చే ఉంటుంది. అది మాత్రం ఎవరూ చెప్పలేదు."

పీలికలు చుడుతూనే చెప్పింది. ఆ రాణికి చిన్న వయసులోనే పెళ్ళైందట. కరువొస్తే కోటలో కొట్లు తెరిపించి బీదలకు పంచిందట. కోటలో వాళ్ళకు కడుపుమంట పుట్టి, ఇలా దోచిపెడితే రేపు మనకేం మిగులుతుందని ఆమె మీద కన్నేసి ఉంచారట. ఒకరోజు పైబట్ట కింద రొట్టెలు దాచుకుని కొండ దిగుతుంటే మొగుడు ఎదురయ్యాడట.

"ఏంటది, చూపించు అన్నాడు. బట్ట తీసి చూస్తే రొట్టెలు లేవు. గులాబీలు! మంచు కురిసే చలికాలంలో గులాబీలు."

నేను పటం వైపు చూశాను. నాకు నమ్మకం కుదరలేదు.

"రొట్టెలు పూలైనయా?"

"అయ్యాయనే అంటారు."

"మరి ఆ దినం గా బీదోళ్ళు ఏం తిన్నరు?"

నర్సమ్మ చేతిలో చుట్ట ఆగిపోయింది. నా వైపు చూసి, ముందు మెల్లగా, తర్వాత గట్టిగా నవ్వింది. "చిన్నప్పటినుంచి ఎంతమంది ఫాదర్లు చెప్పగా విన్నానో ఈ కథ. ఇది మాత్రం ఎవరూ అడగలేదు" అంది. మళ్ళీ చుట్టడం మొదలుపెట్టి, "నాకూ అక్కడే అనుమానం పాపా. ఆవిడ స్థానంలో నేనుంటే, దొరికిపోయినా ఫర్వాలేదు స్వామీ, రొట్టెల్ని రొట్టెలుగానే ఉండనివ్వు అనేదాన్ని" అంది.

తర్వాత్తర్వాత మిగతా కథ కూడా చెప్పింది. పెద్దరోగం, అంటే కుష్ఠు వచ్చిన మనిషికి ఆ రాణి తన మంచం మీదే పక్క వేసిందట. అది చూసి అత్తగారు కొడుకును పిలుచుకొచ్చిందట. మొగుడు యుద్ధానికి పోతూ దారిలో చనిపోతే, ఇరవై ఏళ్ళకే విధవ అయిన ఆమెను పిల్లలతో సహా కోటలోంచి వెళ్ళగొట్టారని కొందరంటారట. ఆ తర్వాత ఆమె ఆస్పత్రి కట్టి, తన చేతులతో రోగుల పుళ్ళు కడిగి, ఇరవైనాలుగేళ్ళకే పోయిందట. నేను విన్నదంతా ఇంట్లో అమ్మకు అప్పజెప్పాను.

"కిరీటముంది, పూలున్నయ్, అత్త సతాయించింది. మన కథల లెక్కనే ఉన్నది గద" అంది నాయనమ్మ అరుగు మీదినుంచి. ఆమె నర్సమ్మను మెచ్చుకున్నట్టు మాట్లాడటం అదే మొదలు. మర్నాటినుంచి అందరికన్నా ఎక్కువ ఆమే తిట్టడం మొదలుపెట్టింది. "గా మనిషి నడక నాకు నచ్చలే" అనేది, ఎవరూ అడగకపోయినా. ఇప్పుడు ఆలోచిస్తే ఆ తిట్లలోనే ఏదో ఉందనిపిస్తుంది. అప్పుడు నాకు తట్టలేదు.

బియ్యం తగ్గుతున్నాయని అమ్మ కనిపెట్టింది ఆ రోజుల్లోనే. వంటింటి మూలన పెద్ద రేకుడబ్బా ఉండేది. దాన్లో బియ్యం చదును చేసి, పైన అరచెయ్యి గట్టిగా అద్ది ముద్ర వేసింది అమ్మ. ఎవరు ముట్టినా ముద్ర చెదిరిపోతుంది. మర్నాడు మూత తీస్తే ముద్ర ఉంది. కానీ అమ్మ ముఖం మారిపోయింది.

"గిది నా చెయ్యి గాదు."

తన చెయ్యి పక్కన పెట్టి చూసింది. ముద్ర పెద్దది. నా చెయ్యి పెట్టింది. నాది చిన్నది. ఎవరో బియ్యం తీసి, మళ్ళీ చదును చేసి, తీసినట్టు తెలియకూడదని తమ అరచెయ్యి అద్దారు.

"వెనకగదామె. నేను బాయి కాడికి పోయినప్పుడు ఒచ్చింది" అంది అమ్మ.

నేను కూడా డబ్బాలోకి వంగి చూశాను. ఆ ముద్రలో చిటికెనవేలు గుర్తు లేదు. మా నాయనమ్మ కుడిచేతి చిటికెనవేలు కొంకిలా లోపలికి వంగి ఉండేది, చిన్నప్పుడెప్పుడో కొడవలి తగిలిందట. ఆ వేలు దేనికీ ఆనదు.

ఆ క్షణంలో నాకు తెలిసిందా? తెలిసి నోరు మూసుకున్నానా? లేక తర్వాత అంతా తెలిశాక, వెనక్కి పోయి ఆ చిటికెనవేలును నేనే జ్ఞాపకంలో చెరిపేశానా? ఇన్నేళ్ళుగా ఈ విషయంలో నా మీద నాకే నమ్మకం లేదు. తెలిసే ఉంటుందనే నా అనుమానం. నాయనమ్మ నాకు రోజూ బెల్లంముక్క పెట్టేది. నర్సమ్మ రస్కు మాత్రమే పెట్టేది.

బతుకమ్మ పండుగ దగ్గర పడింది. పిల్లలమంతా తంగేడుపూలకు, గునుగుపూలకు బీళ్ళ వెంబడి తిరిగేవాళ్ళం. ఒకరోజు మధ్యాహ్నం పూలబుట్ట నెపంతో నేను నర్సమ్మ వెనకాలే నడిచాను. ఆవిడ రోడ్డు దిగి, పాడుబడిన ఒక ద్రాక్షతోటలోకి పోయింది. తీగలు ఎండిపోయి, రాతి కడీలు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి. చివర్లో ఒక రేకుల కొట్టం. నేను కడీ వెనక నక్కి చూశాను.

ముగ్గురు మగవాళ్ళు, ఒక ముసలమ్మ. చేతులకు, కాళ్ళకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. నర్సమ్మ ఒకాయన పాదం తన ఒళ్ళో పెట్టుకుని పాత పట్టీ విప్పింది. గాలికి ఆ వాసన నా దాకా వచ్చింది. తర్వాత సంచిలోంచి మూట తీసి, విప్పి, కుండలో బియ్యం పోసింది.

పూలబుట్ట అక్కడే పడేసి పరిగెత్తాను.

"పెద్దరోగమోళ్ళ కాడికి పోతుంది అమ్మా! ఆళ్ళ కాలు ఒళ్ళ పెట్టుకుంది. బియ్యం గూడ పోసింది!"

అమ్మ గరిటె పక్కన పడేసి, "గా చేతులతోటి మనింట్ల నీళ్ళు తోడుకుంటుందా!" అంటూ వెంటనే ఎదురింటికి పోయింది. నాయనమ్మ మాత్రం నన్ను దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అడిగింది.

"అండ్ల పొడుగ్గ, నల్లగ ఉన్నోడు ఒగడున్నడా బిడ్డా?"

"ఉన్నడు."

"కండ్లు కనవడుతున్నయా ఆయనకు?"

ఎందుకు అడుగుతోందో తెలియక, తెలియదన్నాను.

మర్నాడు రెండు గంటలకు నర్సమ్మ గేటు దగ్గరికి వచ్చేసరికి అమ్మ, బర్రెల అత్త, ఇంకో నలుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. నాయనమ్మ అరుగు మీద కూర్చుని గునుగుపూలు కట్టలు కడుతోంది. నేను ఆమె పక్కనే ఉన్నాను.

"జర గా సంచి చూపియ్యమ్మా" అంది బర్రెల అత్త.

నర్సమ్మ అందరినీ ఒకసారి చూసింది. "చూడండి. నేను అడ్డుపడను. కానీ చూశాక నన్నేమీ అడక్కండి" అని సంచి కింద పెట్టింది.

నేను గట్టిగా కళ్ళు మూసుకున్నాను. కథ మీద నమ్మకం లేదు కానీ, ఆ ఒక్క నిమిషం మాత్రం పూలు కావాలని నా ఒళ్ళంతా కోరుకుంది. నేను చెప్పిన మాట వల్లే కదా వీళ్ళంతా ఇక్కడ నిలబడ్డారు. గులాబీలు కాకపోతే తంగేడుపూలైనా సరే.

కళ్ళు తెరిచాను. టించరు సీసా, మాత్రల పొట్లాలు, పట్టీల చుట్టలు, ఒక మూట. మూటలో బియ్యం బియ్యంగానే ఉన్నాయి. అమ్మ గుప్పెడు తీసి అరచేతిలో పరిచింది. మా ఊరి బియ్యంలో అక్కడక్కడా ఎర్రగింజ ఉంటుంది.

"గివి మా బియ్యమే. ఎట్లొచ్చినయ్ నీ కాడికి?"

నర్సమ్మ వంగి పట్టీల చుట్టలు తిరిగి సంచిలో సర్దసాగింది.

"దొంగవు గాకుంటే చెప్పు మరి!"

ఆవిడ నేలనే చూస్తోంది. ఒక్కసారి కూడా అరుగు వైపు తల తిప్పలేదు. నా పక్కన నాయనమ్మ చేతులు ఆగిపోయాయి. గునుగుపూలు ఆమె ఒళ్ళోంచి జారి కింద పడ్డాయి. ఆమె పెదవులు కదిలాయి. నేను ఆమె ముఖం వైపు, ఆమె వంకర వేలు వైపు చూశాను. నేనూ మాట్లాడలేదు.

"ఇయ్యాలనే రూము ఖాళీ చెయ్యి" అంది అమ్మ.

"చేస్తానమ్మా. ఈ బియ్యం మాత్రం తీసుకెళ్ళనివ్వండి. వాళ్ళు ఎదురుచూస్తుంటారు."

అమ్మ మూట లోపలికి తీసుకుపోయి డబ్బాలో కుమ్మరించింది. నర్సమ్మ ట్రంకు ఒక చేత, పటం ఒక చేత పట్టుకుని పోతుంటే వీధిలో ఎవరూ పలకరించలేదు. ఆ రోజు వాళ్ళేం తిన్నారని నేను ఎవరినీ అడగలేదు.

ఇన్నేళ్ళ తర్వాత ఆ రాణి కథ తలుచుకుంటే నన్ను ఒక సంగతి పట్టుకుంటుంది. కోటలో వాళ్ళ అనుమానం తప్పు కాదు. ఆమె పైబట్ట కింద నిజంగానే రొట్టెలున్నాయి. నర్సమ్మ సంచిలో నిజంగానే మా బియ్యం ఉన్నాయి. సంచి తెరిస్తే ఏముందో తెలుస్తుంది, అంతే. అది ఎందుకుందో, ఎవరు పెట్టారో, ఎవరి కోసం ఆ మనిషి నోరు మూసుకుందో సంచి చెప్పదు. అది తెలుసుకోవాలనే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది. ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో ఉందని నేను అనుకోను.

ఆ రాత్రి నుంచి నాయనమ్మ అన్నం ముట్టలేదు. నీళ్ళు, చాయ, అంతే. ఒంట్లో బాగాలేదంది. నాలుగో రోజు పెత్తరమాస వచ్చింది. పోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చే అమావాస్య అది. అయ్యగారు ఇల్లిల్లూ తిరుగుతూ పొద్దున్నే మా అరుగు దగ్గరికి వచ్చాడు. అమ్మ ఒక్కో పెద్దకు ఒక్కో చాటలో బియ్యం, పప్పు, గుమ్మడిముక్క, చింతపండు పెట్టి వరసగా ఉంచింది. నాయన తాత పేరు, ముత్తాత పేరు చెబుతుంటే అయ్యగారు మంత్రం చదివి, తువ్వాలలో పోయించుకుంటున్నాడు.

చివరికి ఒక చాట మిగిలింది.

"గిది ఎవరిది?" అన్నాడు నాయన.

అమ్మ, నాయనమ్మ వైపు చూసి మెత్తగా అంది. "బొంబాయిల పోయిన మీ మామది. ఎన్నడు ఇయ్యలే గద ఆయన పేరు మీద. అత్త మనసుల అదే ఉన్నదేమో, తిండి తింటలేదు. గీయేడు ఇద్దామని పెట్టిన."

నాయనమ్మకు ఒక తమ్ముడుండేవాడనీ, పడుచు వయసులోనే బొంబాయి మిల్లుల్లో పనికిపోయి అక్కడే పోయాడనీ మాకందరికీ తెలుసు.

"తియ్యి గా చాట" అంది నాయనమ్మ.

"ఎందుకత్తా?"

"బతికున్నోని పేరు మీద బియ్యమిస్తరానే?"

ఎవరికీ అర్థం కాలేదు. నాయనమ్మ అరుగు పట్టుకుని లేచింది.

"నా తమ్ముడు బొంబాయి పోలే. పెద్దరోగమొచ్చిందని ఊర్లె ఉండనియ్యలే. అప్పుడే నీకు పిల్లను చూస్తుంటిమి కొడుకా. సంబంధం చెడిపోతదని బొంబాయి అని నేనే చెప్పిన. చచ్చిపోయిండని గూడ నేనే చెప్పిన. గా తోటల ఉన్నడని నర్సమ్మ చెప్పేదాక నాకు గూడ ఎర్కలే. ఆయన ఊరి పేరు చెప్తే, మీ ఊరే గద అని ఒచ్చి నన్నడిగింది. డబ్బల చెయ్యి పెట్టింది ఆమె గాదు. నేను. దొంగని నేను."

అయ్యగారు తువ్వాల దగ్గరికి లాక్కుని రెండడుగులు వెనక్కి వేశాడు. ఎదురింటి గోడ మీదినుంచి బర్రెల అత్త తల కనిపించింది. అమ్మ నన్ను తన వైపు లాక్కుంది.

"అత్తా! ఇంట్ల ఆడపిల్ల ఉన్నది. జర మెల్లగ మాట్లాడు!"

"ఇన్నేండ్లు మెల్లగనే మాట్లాడిన" అంది నాయనమ్మ.

ఆ మిగిలిన చాట తనే ఎత్తి తల మీద పెట్టుకుని గేటు దాటింది. నాలుగు రోజుల నుంచి తిండి లేని మనిషి. మెడ వణుకుతోంది. నాయన కదల్లేదు. నేను అమ్మ చెయ్యి విడిపించుకుని పరిగెత్తి నాయనమ్మ కొంగు పట్టుకున్నాను.

మా వీధిలో ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒకరు నిలబడి చూశారు. "ఏడికి పెద్దమ్మా?" అని ఒకరు అడిగితే, "మా తమ్ముని కాడికి" అంది ఆగకుండా. ఆ దారి అంతా మళ్ళీ మళ్ళీ అదే అంది, అడగని వాళ్ళకు కూడా.

కొట్టం ముందు నర్సమ్మ మూడు రాళ్ళ పొయ్యి ఊదుతోంది. ఆవిడ ట్రంకు కొట్టం గోడకు ఆనించి ఉంది. వెళ్ళగొట్టాక నేరుగా ఇక్కడికే వచ్చి ఉంటోందని అప్పుడు తెలిసింది. నాయనమ్మ చాట దించి ఆవిడ ముందు పెట్టింది.

"ఆ దినం నా నోరు పెగల్లే బిడ్డా. మాఫ్ చెయ్యి."

నర్సమ్మ పొయ్యిలో పుల్ల సర్దింది. "నాకు కోపం రాలేదనుకోకండి పెద్దమ్మగారూ. వచ్చింది. నాలుగు రోజులూ మిమ్మల్ని తిట్టుకున్నాను. నాతో తెచ్చుకున్న ఆ పటం మీద కూడా కోపం వచ్చింది" అంది. తర్వాత కొట్టం వైపు తిరిగి గట్టిగా పిలిచింది. "ఇదిగో, ఎవరొచ్చారో చూడండి!"

పొడుగాటి మనిషి ఒకాయన వంగి బయటికి వచ్చాడు. చేతులకు వేళ్ళు సగం సగమే ఉన్నాయి. ఎండకు కళ్ళు చికిలించి చాలాసేపు చూశాడు. నాయనమ్మ ఏడవలేదు. ఊరికే చెయ్యి చాపింది. ఆయన ఆ చేతిని ముట్టకుండా, వంగి దాని వైపు చూసి నవ్వాడు.

"నేను కొడవలితోటి కోసిన ఏలు గింకా వంకరగనే ఉన్నదా అక్కా? నా ఏళ్ళన్ని పోయినయ్ గాని, నీ వంకర ఏలు గట్లనే ఉన్నదే!"

అప్పుడు ఏడ్చింది నాయనమ్మ. ఆయన చేతులు రెండూ పట్టుకుని, అక్కడే మట్టిలో కూర్చుని, వీధి దాకా వినిపించేలా ఏడ్చింది. నేను దూరంగా కడీకి ఆనుకుని నిలబడ్డాను. దగ్గరికి పోలేదు. నాకు భయం వేసింది, నిజం చెప్పాలంటే అసహ్యం కూడా. ఆ తాత నా వైపు చూసి, "పిల్లను దగ్గరికి పిలువకు అక్కా, చిన్నది" అన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ మా ఇద్దరికీ గేటు బయటే పసుపునీళ్ళు పోసింది. నాయనమ్మ కంచం, చెంబు విడిగా పెట్టింది. మందులు వేసుకునే వాళ్ళ నుంచి అంటుకోదని నర్సమ్మ చెప్పిందంటే, "ఆమె గట్లనే చెప్తది" అంది. రెండు ఆదివారాలు గడిచాక నాయన బస్సు డ్యూటీ దిగి ఖాకీ బట్టలతోనే తోటకు పోయి, కొట్టం బయట నిలబడి "మామా" అని పిలిచాడట. ఆ తర్వాత ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. వీధిలో వాళ్ళు కొన్నాళ్ళు మా ఇంటి నీళ్ళు తాగలేదు. తర్వాత తాగారు. నా పెళ్ళి చెడిపోతుందని అమ్మ పడ్డ భయం మాత్రం నిజం కాలేదు.

నర్సమ్మను మళ్ళీ గదిలోకి రమ్మని నాయనమ్మ రెండుసార్లు అడిగింది. "మీ గది మంచిదే పెద్దమ్మగారూ. కానీ అక్కడ నాకిక నిద్ర పట్టదు" అందట. ఒకటిన్నర ఏడాదికి తోట అమ్ముడుపోయింది. కొట్టంలో వాళ్ళను నర్సమ్మ ఎక్కడో దూరంగా ఉన్న ఆస్పత్రికి చేర్పించి, తనూ వాళ్ళతోనే పోయింది. తాత అక్కడే పోయాడు. నాయనమ్మ, నాయన కలిసి పోయి మట్టి వేసి వచ్చారు.

నేను పెద్దదాన్నై, నా పిల్లలు కూడా పెద్దవాళ్ళైనాక, కొత్తగా మెట్రో వచ్చిన రోజుల్లో అమ్మను తీసుకుని ఎక్కాను. ఎల్బీనగర్ స్టేషన్‌లో దిగి, పై నుంచి కింద షోరూములను, ఫ్లైఓవర్లను చూస్తుంటే అమ్మ ఉన్నట్టుండి చెయ్యి చాపింది.

"గా నీలం అద్దాల బిల్డింగున్నది సూడు, గాడనే ఉండె కొట్టం. పక్కన బాయి."

నేను ఆశ్చర్యపోయాను. "బాయి ఉన్నదని నీకెట్ల తెలుసు? నువ్వు ఎన్నడు పోలె గద."



"బేస్తారం బేస్తారం పోయిన. తోట అమ్ముడువోయేదాంక."

"ఏం చేసెటిదానివి?"

"పట్టీలు ఉతికేదాన్ని. పుండ్లు ముట్టనీకె నాకు చేతులు రాలే. గందుకే ఉతుకుడు నాకిచ్చింది నర్సమ్మ."

"మాఫీ అడిగినవా?"

"ఏ నోటితోటి అడుగుత? ఆమె గూడ నన్ను అంత జల్ది నమ్మలే. ఉతికి మడతపెడితే, పైదొకటి ఇప్పి ఎండకు పట్టి సూసేది, మరక పోయిందా లేదా అని. నాకు మస్తు కోపమొచ్చేది. మల్ల బేస్తారం ఇంకా గట్టిగ ఉతికేదాన్ని."

"నాయనమ్మకు తెలుసా?"

"ఎవ్వరికి తెల్వదు. కూరగాయలకని చెప్పి పోయేదాన్ని."

ఇంట్లో అందరి మీదా కన్నేసి, నర్సమ్మ వెనకాల కడీల చాటున నక్కిన నేను, అమ్మను ఒక్కసారి కూడా అనుమానించలేదు. ఆ గురువారాలు నాకు ఇప్పుడు బాగా గుర్తొస్తున్నాయి. దీపాలు పెట్టే వేళకు అమ్మ సంచితో వచ్చేది. నేను ఎదురుపోయి ఏం కూర తెచ్చావని అడిగేదాన్ని. ఎందుకింత ఆలస్యమైందని ఎన్నడూ అడగలేదు.